దగ్గు దాచిన ఇల్లు

గున్నమ్మ దగ్గు ఆ వీధికి కొత్త కాదు. మామిడి పూత కనపడిన దగ్గర్నుంచి తొలకరి పడేదాకా ఏటా ఆవిడని ఆయాసం పట్టుకుంటుంది. అరుగు మీద గోడకి ఆనుకుని, మోకాళ్లు పొట్టలోకి ముడుచుకుని, ఊపిరి అందక కళ్లనీళ్లు కారేంతగా దగ్గుతుంది. ఆమదాలవలసలో రైలు స్టేషన్ వెనకున్న ఆ వీధిలోకి కొత్తవాళ్లెవరైనా వచ్చి ఆటో పైడిరాజు ఇల్లెక్కడని అడిగితే, "నేరుగా ఎల్లండి, దగ్గు వినపడిన కాడ ఆగండి" అని చెప్పేవారు. గున్నమ్మ అది విని తనూ నవ్వేది. ఆ నవ్వుతో మళ్లీ దగ్గు అందుకునేది.

అలాంటి దగ్గుకి ఆవిడ కోడలు యమున ఒక వేసవంతా గడగడలాడింది. అది లాక్‌డౌన్ పెట్టిన 2020 వేసవి.

యమునది పాతపట్నం దగ్గర ఒక పల్లె. మేనత్త కొడుకు పైడిరాజుని చేసుకుని ఆమదాలవలస వచ్చింది. అతను స్టేషన్ నుంచి శ్రీకాకుళానికి ఆటో తోలేవాడు. ఆమె ముందు గదిలో మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేది. ఒక్కతే కూతురు ఝాన్సీలక్ష్మి పదో తరగతి పరీక్షలకి చదువుతోంది. పెద్ద రాబడి కాకపోయినా ఆ ఇంట్లో ఏనాడూ ఏదీ నిండుకునేది కాదు. ఉప్పు డబ్బా సగానికి వచ్చిందంటే చాలు, యమున మనసు కుదురుగా ఉండేది కాదు. "నీకు లేమి అంటే బయ్యమే" అని గున్నమ్మ అనేది. నిజమే. చిన్నతనంలో పక్కింటికి గిన్నె పట్టుకుని బియ్యం బదులుకి వెళ్లిన రోజులు ఆమె మర్చిపోలేదు.

లాక్‌డౌన్‌కి ముందు వారం పైడిరాజుకి అన్నం తినే తీరిక కూడా లేకపోయింది. చెన్నై నుంచి, హైదరాబాదు నుంచి రైళ్లు కిక్కిరిసి వచ్చేవి. మూటలు, బకెట్లు, టేబుల్ ఫ్యాన్లు, చంటిపిల్లలు, అన్నిటినీ వేసుకుని వలస వెళ్లినవాళ్లు ఊళ్లకి తిరిగొచ్చేస్తున్నారు. పైడిరాజు ఎక్కినవాళ్లని ఎక్కినట్టే నరసన్నపేట, టెక్కలి దాకా దింపి వచ్చాడు. రాత్రి ఇంటికొచ్చి, "ఈ వారం మనకి బాగున్నాది యమునా" అన్నాడు సంబరంగా.

ఆ తర్వాత అంతా ఆగిపోయింది. ఆటోకి పరదా కప్పేశారు. రైళ్లు ఆగిపోయాయి. కూత వినకుండా ఆ వీధిలో ఎవరికీ తెల్లారేది కాదు, అలాంటిది ఇప్పుడు అప్పుడప్పుడూ ఒక గూడ్సు బండి తప్ప మరో చప్పుడు లేదు. పగటిపూట కూడా స్టేషన్ వైపు నుంచి కుక్కల అరుపులు వినిపించేవి. టీవీలో రోజూ లెక్కలు చెప్పేవారు. అవి చూస్తూ పైడిరాజు ఒకరోజు మెల్లగా అన్నాడు.

"ఆ వారం నా ఎనకాల ఎంతమంది కూకున్నారో నాకే తెల్దు. ఒకడైతే దార్లో మెడ వాల్చేసి తొంగున్నాడు. ఒళ్లు కాలిపోతన్నాది. జొరమేమో అనుకున్నాను."

యమున చేతిలోని గ్లాసు పక్కన పెట్టేసింది. "అప్పుడే ఎందుకు సెప్పనేదు?"

"సెప్తే ఏటి సేస్తావు? బయపడతావు."

ఆ మాటతో ఆమెలో భయం మొదలైంది. మళ్లీ చాలాకాలం దాకా అది ఆమెని వదల్లేదు.

ఇల్లు నడిపే భారమంతా ఆమె మీద పడింది. ఆటో లేదు. పెళ్లిళ్లు వాయిదా పడ్డాయి కాబట్టి కుట్టిన జాకెట్లు తీసుకెళ్లడానికి కూడా ఎవరూ రాలేదు. యమున వంటింట్లో డబ్బాలన్నీ కిందకి దించి, మూతలు తీసి చూసుకుంది. కోటబొమ్మాళి దగ్గర సొంతూళ్లో ఉన్న కొద్దిపాటి పొలం నుంచి వచ్చిన బియ్యం ఇంకో నెలకి సరిపోతాయి. పప్పు తక్కువగా ఉంది. నూనె అంతకన్నా తక్కువ. చోళ్ల పిండి, అదే రాగి పిండి, ఉంది, చింతపండు ఉంది, ఎండు నెత్తళ్ల చేపలు కొన్ని ఉన్నాయి. గ్యాసు బండని కదిపి చూస్తే సగం తేలిపోయింది. కొత్త బండ తెప్పించుకోవాలంటే చేతిలో ఉన్నదంతా దానికే పోతుంది. ఆ తర్వాత ఏ అవసరం వచ్చినా చెయ్యి ఖాళీ.

అప్పుడు కొన్ని పద్ధతులు పెట్టింది. పొద్దున్న అందరికీ చోడి అంబలి. మధ్యాహ్నం ఒక్కసారే వంట, అదే రాత్రికి. సాయంత్రం టీ లేదు. తాలింపులో నూనె తను వేస్తేనే వెయ్యాలి, ఝాన్సీ ముట్టుకోకూడదు. గ్యాసు పొయ్యి అంబలికీ, గున్నమ్మకి వేణ్నీళ్లకీ మాత్రమే. అన్నం, కూర పెరట్లో కట్టెల పొయ్యి మీద. సరుగుడు పుల్లలు, కొబ్బరి మట్టలు పైడిరాజు ఎక్కడెక్కడి నుంచో ఏరుకొచ్చి గోడవార పేర్చాడు. తను చేస్తున్నది మంచి పనే అని యమున అనుకుంది. ఇల్లు గట్టెక్కడానికి ఇంకో దారి ఆమెకి తోచలేదు.

ఆశా కార్యకర్త నీలవేణి ఇంటింటికీ తిరిగి అడగడం మొదలుపెట్టింది. మాస్కు కట్టుకుని, గుమ్మానికి దూరంగా నిలబడి అడిగేది. "జొరం, దగ్గు, ఆయాసం ఎవులికైనా ఉన్నాయేటి? బయట ఊర్ల నుంచి ఎవులైనా వచ్చినారేటి?"

మొదటిసారి వచ్చినప్పుడు గున్నమ్మ అరుగు మీదే ఉంది. నీలవేణి ఆవిడని చూసి, "మామ్మకి ఎప్పుడూ ఉండీదే కదా" అని నవ్వి వెళ్లిపోయింది. అప్పటికింకా పరిస్థితి అంతదాకా రాలేదు.

తర్వాత వారమే వెనక వీధిలోకి అంబులెన్సు వచ్చింది. గుజరాత్ నుంచి వచ్చిన ఒకతనికి జ్వరం తగిలిందని అతన్నీ, భార్యనీ, తల్లినీ తీసుకెళ్లారు. తెల్లటి సూట్లు వేసుకున్న మనుషులు లోపలికి వెళ్లి ఒక్కొక్కరినీ బయటికి నడిపించుకొస్తుంటే, జనం డాబాల మీద నిలబడి ఫోన్లలో తీశారు. ఆ తల్లి చెప్పు ఒకటి ఊడిపోయి గుమ్మం ముందే ఉండిపోయింది. ఆమె దాని కోసం వంగబోతే ఆగనివ్వలేదు. ఆ వీడియో సాయంత్రానికల్లా ఊరంతా తిరిగింది. వీధికి రెండు వైపులా వెదుళ్లు కట్టేశారు. తెల్లగా బ్లీచింగ్ చల్లారు. పాలు పోసేవాడు ఆ వైపు రావడం మానేశాడు. వాళ్లకి ఏ జబ్బూ లేదని తేలి తిరిగొచ్చాక కూడా కొళాయి దగ్గర వాళ్ల బిందెని ఎవరూ ముట్టుకోలేదు.

ఆ వీడియోని యమున చాలాసార్లు చూసింది. చూసిన ప్రతిసారీ ఆ ముసలామె స్థానంలో అత్తే కనిపించింది.

వీడియో వచ్చిన మర్నాడు పొద్దున్నే గున్నమ్మ మంచాన్ని అరుగు పక్క గదిలోంచి తీయించి వెనక గదిలో వేయించింది.

"ఇదేటి కోడలా, నన్ను ఎనక్కి తోసేత్తన్నావు?" అని గున్నమ్మ అడిగింది.

"నువ్వు దగ్గితే ఈదిలోకి వినపడతాది అత్తా. ఆ ఎనకీది ముసలమ్మని ఏటి సేసినారో సూసినావు కదా. కొన్నాళ్లు ఇక్కడుండు. అరుగు మీదికి రాకు."

గున్నమ్మ వీడియో చూసింది. కొడుకు చెయ్యి పట్టుకుని వెనక గదిలోకి నడిచింది. ఆ గదికి ఒకే ఒక్క కిటికీ, అది పెరట్లోకి. కిటికీ కిందే కట్టెల పొయ్యి.

ఆ తర్వాత నీలవేణి వచ్చినప్పుడు యమున గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"మామ్మేదీ? కనపడట్లేదు."

"ఎండ కదమ్మా, లోపల తొంగున్నాది."

"దగ్గు?"

"ఈ ఏడు నేదు. బాగానే ఉన్నాది."

చెప్తున్నంతసేపూ ఆమె చెవులు వెనక గది వైపే ఉన్నాయి. నీలవేణి రాసుకుని పక్కింటికి వెళ్లిపోయాక, యమున తలుపు గడియ పెట్టి అక్కడే కింద కూలబడింది.

దాంతో ఇంటి పద్ధతులన్నీ దగ్గు చుట్టూ తిరగడం మొదలుపెట్టాయి. గున్నమ్మకి దగ్గు ఎక్కువగా వచ్చేది పొద్దున్న లేవగానే. ఆ సమయానికి ఝాన్సీ ముందు గదిలో కూర్చుని సోషల్ పాఠం గట్టిగా చదవాలి. మధ్యాహ్నం టీవీ సౌండు పెంచాలి. సాయంత్రం వీధిలో మనుషులు అరుగుల మీదికి వచ్చే వేళకి యమున మిషను తొక్కేది. కుట్టడానికి బట్ట లేకపోయినా పాత చీర ముక్క ఒకటి పెట్టుకుని దాని మీదే కుట్టు మీద కుట్టు వేసేది.

"అమ్మా, మామ్మకి నిజంగా అదే వచ్చిందేటి?" అని ఝాన్సీ ఒకరోజు గుసగుసగా అడిగింది.

"నోరు ముయ్యి" అంది యమున. తర్వాత పిల్ల మొహం చూసి, "నేదమ్మా, ఎప్పుడూ వచ్చీదే" అని దగ్గరికి తీసుకుంది. ఆ మాట ఆమెకే నమ్మకం కాలేదు. జ్వరంతో కాలిపోతున్న మనిషిని ఆటోలో ఎక్కించుకుని వచ్చిన రాత్రి పైడిరాజు తల్లి పక్కనే కూర్చుని అన్నం తిన్నాడు. ఆ సంగతి ఆమె మర్చిపోదామనుకున్నా మర్చిపోలేకపోయింది.

గున్నమ్మకి నోట్లో పెట్టుకుని పీల్చే మందు ఒకటి ఉండేది. ఇంట్లో దాన్ని పంపు అనేవారు. అది అయిపోవస్తోందని పైడిరాజు మందుల షాపుకి వెళ్లాడు. ఉత్త చేతులతో తిరిగొచ్చాడు.

"ఉన్నాదట. ఇస్తానన్నాడు. కానీ దగ్గు మందు, జొరం మందు కొన్నోల్ల పేరు, ఫోన్ నెంబరు రాసి పైకి పంపాలంట. ఆడి ముందల కాయితం ఉన్నాది. నా పేరు అడిగితే, డబ్బులు మర్చిపోనాను, మల్లీ వస్తానని సెప్పి వచ్చీసినాను."

"మంచి పని సేసినావు" అంది యమున వెంటనే.

అత్త దగ్గరికి వెళ్లి చెప్పింది. "అత్తా, పంపు ఇదొక్కటే ఉన్నాది. మల్లీ కొంటే మన పేరు రాసుకుని ఇంటికి వచ్చీస్తారు. సూసుకుని వాడు. మరీ తట్టుకోనేకపోతేనే."

గున్నమ్మ తలూపి, పంపుని కొంగున ముడేసుకుంది.

ఏప్రిల్ సగం నడిచేసరికి బియ్యం కూడా అడుక్కి వచ్చాయి. రేషన్లో వచ్చిన బియ్యం, శనగలతో కొంత నెట్టుకొచ్చారు. ఊళ్లో తమ్ముడి వరసవాడు కూర్మయ్య ఇంట్లో తమ వాటా ధాన్యం ఇంకా ఉంది, తెచ్చుకుంటే ఈ గండం గడుస్తుందని పైడిరాజు తెల్లవారకముందే అడ్డదార్లలో సైకిలు మీద బయల్దేరాడు. ఆ పూటంతా యమున పొయ్యి దగ్గరికీ గుమ్మం దగ్గరికీ తిరుగుతూనే ఉంది. పోలీసులు కొట్టారేమో, పట్టుకున్నారేమో. ఫోను చేస్తే ఎత్తడం లేదు.

ఎండ నడినెత్తికి వచ్చాక అతను ఖాళీ సైకిలుతో తిరిగొచ్చాడు. చొక్కా చెమటకి తడిసి ఒంటికి అతుక్కుపోయింది. నీళ్లు తాగాక చెప్పాడు.

"ఊరి మొగలో సెట్టు కొట్టి రోడ్డుకి అడ్డంగా పడీసినారు. కర్రలు పట్టుకుని కూకున్నారు. అందరూ మనోల్లే. కూర్మయ్య కూడా ఉన్నాడు. 'ఒరే పైడిరాజూ, నువ్వు టేసను కాడ ఆటో తోల్నోడివి, ముందుకి రాకు' అన్నాడు. దాన్యం ఆ సెట్టు కాడ పెట్టీయండిరా, నేను పట్టుకుపోతాను అన్నాను. సంచి తాకినా మాకు వస్తాది, ఎల్లిపో అన్నారు." ఖాళీ గ్లాసు కింద పెట్టాడు. "చిన్నప్పుడు ఒకే కంచంల తిన్నామే ఆడూ నేనూ. ఆడు నా కేసి కర్ర ఎత్తినాడు."

యమున భర్త భుజం మీద చెయ్యి వేయబోయి ఆగింది. ఎందుకు ఆగిందో ఇద్దరికీ అర్థమైంది. ఆ రోజు నుంచి పైడిరాజు తనంతట తానే అరుగు మీద పక్క వేసుకున్నాడు.

ఇంకా బిగించాల్సి వచ్చింది. గ్యాసు పూర్తిగా ఆపేసి, వేణ్నీళ్లు కూడా కట్టెల మీదే పెట్టింది. కట్టెలు అయిపోయి పచ్చి మట్టలు వేస్తే పొగ పెరడంతా కమ్మేది. యమున కళ్లు తుడుచుకుంటూ ఊదేది.

ఆ రోజుల్లో గున్నమ్మ దగ్గు తగ్గింది. పొద్దున్న ఝాన్సీ పాఠం చదవక ముందే వెనక గది నిశ్శబ్దంగా ఉండేది. యమునకి గుండె మీది బరువు దిగినట్టయింది. పక్కింటి దేముడమ్మ గోడ మీంచి తొంగిచూసి, "ఏటే యమునా, మీయత్త దగ్గు వినపడట్లేదు ఈ మద్దిని? మనిసి ఉన్నాదా?" అని అడిగినప్పుడు మాత్రం ఊదడం ఆపి లేచి నిలబడింది. ఆ ముసలామె మామూలుగా అడిగిందో, ఆరా తీస్తోందో తెలియలేదు.

"ఉన్నాదప్పా, బాగానే ఉన్నాది. టానిక్కు తాగుతన్నాది" అని నోటికొచ్చింది చెప్పేసి లోపలికి వచ్చేసింది.

ఆ మధ్యాహ్నమే కరెంటు పోయింది. టీవీ ఆగింది, ఫ్యాను ఆగింది. ఇల్లంతా ఒక్కసారి సద్దుమణిగింది. అప్పుడు యమునకి వెనక గదిలోంచి ఒక శబ్దం వినిపించింది. దగ్గు కాదు. ఎండిన కొబ్బరాకుని నేల మీద ఈడుస్తున్నట్టు సన్నగా, ఆగి ఆగి వస్తోంది.

పరుగెత్తి వెళ్లింది. గున్నమ్మ మంచం మీద ముందుకి వంగి కూర్చుని ఉంది. చీర కొంగు ఉండలా చుట్టి నోట్లో కుక్కుకుంది. పెదాలు నల్లబడ్డాయి. మెడ దగ్గర నరాలు తాళ్లలా లేచి ఉన్నాయి. ప్రతి ఊపిరికీ ఒళ్లంతా ఎగిరెగిరి పడుతోంది.

"అత్తా!" యమున కొంగు బయటికి లాగింది. "ఏటి సేస్తన్నావు అత్తా! పంపేదీ? పంపు కొట్టుకోనేదా?"

కొంగు ముడి విప్పి పంపు తీసి ఊపి చూసింది. అప్పుడు ఎంత ఉందో అంతే ఉంది. వాడనే లేదు.

గున్నమ్మ ఒక్కో మాటకీ ఆగుతూ అంది. "అయిపోతే... మల్లీ కొనాల కదమ్మా... పేరు... రాసీసుకుంటారు కదా... మిమ్మల్ని... పట్టుకుపోతారు కదా..."

యమున పంపుని అత్త నోట్లో పెట్టి నొక్కింది. మళ్లీ నొక్కింది. ఆవిడకి దాన్ని లోపలికి పీల్చే శక్తి లేదు. మందు బయటికే పోతోంది. కిటికీలోంచి పొగ తెరలు తెరలుగా లోపలికి వస్తోంది. యమున ఒక్క క్షణం ఆ పొగని అలాగే చూసింది. గ్యాసు మిగల్చడానికి తను పెట్టిన పొయ్యి. అందరికీ వినపడకుండా తను వేయించిన మంచం. జాగ్రత్తగా వాడమని తను చెప్పిన మందు. అన్నీ ఆ గదిలోకే వచ్చి చేరాయి.

"బావా!" అని అరిచింది. "అంబులెన్సుకి ఫోన్ సెయ్యి!"

పైడిరాజు గుమ్మంలోనే నిలబడిపోయాడు. "కాసింతసేపు సూద్దాం యమునా. పంపు కొట్టినావు కదా. ఆల్లొస్తే ఇంక అమ్మని..."

"సచ్చిపోతన్నాది బావా! సూడు ఆ పెదాలు!"

"మనల్ని కూడా పట్టుకుపోతారు. ఝాన్సీని..."

అతను ఫోను తీయలేదు. యమున తలుపు తీసుకుని వీధిలోకి వెళ్లింది. చెప్పులు లేవు, మొహానికి గుడ్డ లేదు. ఎండకి సిమెంటు రోడ్డు కాలుతోంది. నీలవేణి ఇల్లు ఆ చివర. సగం దూరం వెళ్లాక ఇళ్ల కిటికీలు తెరుచుకోవడం ఆమెకి తెలుస్తూనే ఉంది. ఎవరో "ఏటయ్యిందే?" అని కేకేశారు. ఇంక దాయడానికి ఓపిక లేదు.

"మాయత్తకి ఊపిరి ఆడట్లేదు! దగ్గుతన్నాది! నెలై దగ్గుతన్నాది!" అని నడివీధిలో నిలబడి అరిచింది.

కిటికీలు ఒకటొకటిగా మూసుకున్నాయి.

నీలవేణి వచ్చింది. గుమ్మం బయటి నుంచే గున్నమ్మని ఒక్కసారి చూసి, అంబులెన్సుకి ఫోన్ చేసింది. యమున కేసి తిరిగి, "నాకు అబద్దం సెప్పినావు కదే" అంది. కోపం కన్నా బాధే ఎక్కువగా ఉంది ఆ గొంతులో. "ఏటా నేనే కదా మామ్మని ఆసుపత్రికి తీసుకెల్లీదాన్ని."

యమున పెరట్లోకి వెళ్లి పొయ్యి మీద బిందెడు నీళ్లు కుమ్మరించింది.

తెల్ల సూట్లవాళ్లు వచ్చారు. సరిగ్గా వీడియోలో చూసినట్టే. గున్నమ్మ వాళ్లని చూసి మంచం పట్టె గట్టిగా పట్టుకుంది. నోట మాట రాకపోయినా కళ్లతోనే కోడల్ని బతిమాలింది. ఆ వేళ్లని ఒక్కొక్కటిగా విప్పింది యమునే. "వచ్చీస్తావు అత్తా, బేగి వచ్చీస్తావు" అంటూ విప్పింది. తోడు రావడానికి ఒప్పుకోలేదు. బండి తలుపులు మూసుకున్నాక ఝాన్సీ అరుగు మీద కూలబడి ఏడ్చింది. పైడిరాజు బండి వెనక నాలుగు అడుగులు వేసి, ఆగిపోయి, తలకి చేతులు పెట్టుకున్నాడు.

సాయంత్రానికి వీధికి వెదుళ్లు కట్టారు. ముగ్గురి ముక్కుల్లోంచీ పరీక్షకి నమూనాలు తీసుకుని, ఫలితం వచ్చేదాకా గడప దాటొద్దని చెప్పి వెళ్లారు. ముగ్గురూ మూడు గదుల్లో ఉన్నారు. ఝాన్సీకి కంచం గుమ్మంలో పెట్టి, వెనక్కి జరిగి, "తిన్నావా" అని దూరం నుంచి యమున అడిగేది. పిల్ల ఒక్కసారి తుమ్మినా లేచి గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయేది. తనకే గొంతులో గరగరలాడినట్టు, ఒళ్లు వేడెక్కినట్టు అనిపించేది. నుదుటి మీద చెయ్యి వేసుకుని చూసుకునేది, మళ్లీ చూసుకునేది. వంట చేద్దామని గ్యాసు వెలిగించి, దేనికి వెలిగించిందో మర్చిపోయి మంటని చూస్తూ నిలబడేది.

అత్త సంగతి ఏమీ తెలియదు. నీలవేణికి ఫోన్ చేస్తే, "ఆక్సిజను పెట్టినారంట" అని మాత్రం చెప్పింది. ఆక్సిజను అనే మాట టీవీలో ఎవరి గురించి వాడతారో యమునకి తెలుసు. ఆవిడ పోతే మొహం కూడా చూపించరని పైడిరాజు గోడకేసి తిరిగి తనలో తను గొణుక్కుంటుంటే చెవులు మూసుకుంది.

రెండో రోజు పొద్దున్న గోడ అవతల నుంచి ఒక కర్ర పైకి లేచింది. దాని చివర సంచి వేలాడుతోంది. దేముడమ్మ గొంతు వినిపించింది. "కూరగాయలు, పాల ప్యాకెట్టు. తీసుకో. సంచి నాకు తిరిగి ఇయ్యకు."

"అప్పా..." అని యమున ఏదో చెప్పబోయింది.

"నాకు ముందే తెలుసునే. గోడకి అటేపు ఉన్నదాన్ని, నాకు వినపడదేటి? నాకూ బయ్యమేసి ఊరుకున్నాను. ఈది మూసెత్తారని ఊరుకున్నాను." కాసేపు ఆగి, "అడిగితే సెప్తావేమోనని అడిగినాను. నువ్వు టానిక్కన్నావు" అని లోపలికి వెళ్లిపోయింది.

ఫలితం వచ్చిన మధ్యాహ్నం నీలవేణి ఫోన్ చేయకుండా తనే వచ్చింది. ఆమె వీధి మొగలో కనిపించగానే యమున తలుపు రెక్క పట్టుకుంది. అంత దూరం నుంచి మాస్కు వెనక మొహంలో ఏముందో తెలియడం లేదు.

"మీ ముగ్గురికీ నేదు" అంది నీలవేణి. "మామ్మకీ నేదు. ఉబ్బసమే. పొగ బాగా పట్టేసిందంట, మందు లోపలికి పోనేదంట. ఇంకో పూట అయితే కష్టమని డాక్టరుగారు అన్నారు. ఇప్పుడు జావ తాగుతన్నాది. నిన్ను తిడతన్నాది కూడా."

పైడిరాజు గడప లోపలే కూర్చుని మొహం తుండుగుడ్డలో దాచుకున్నాడు. యమున నవ్వనూ లేదు, ఏడవనూ లేదు. ఎండలో నిలబడి చలి జ్వరం వచ్చినట్టు వణికింది. ఝాన్సీ వచ్చి గట్టిగా పట్టుకుంటే గానీ ఆగలేదు.

గున్నమ్మ వారం తర్వాత ఇంటికి వచ్చింది. సగానికి సగం చిక్కిపోయింది. ముందు గదిలో, కిటికీ పక్కనే మంచం వేశారు. మిషను వెనక గదిలోకి వెళ్లింది. గ్యాసు బండకి పైడిరాజు ఆటో స్టెప్నీ టైరు అమ్మేశాడు. యమున వంట మళ్లీ గ్యాసు మీదే మొదలుపెట్టింది. అత్త కాళ్ల దగ్గర కూర్చుని, "నేనే సేసినాను అత్తా ఇదంతా" అంది.

గున్నమ్మ కోడలి కేసి తిరిగి అంది. "నువ్వు బయపడి సేసినావు. నేనూ బయపడే కొంగు కుక్కుకున్నాను. ఇద్దరికిద్దరం సరిపోనాం." తర్వాత చిరాగ్గా, "ఆ అంబలి రోజూ వద్దు. నోరు సచ్చిపోనాది. ఏటైనా కారంగా సెయ్యి" అంది.

పాలవాడు నెల దాకా వాళ్ల గుమ్మం ముందు ఆగలేదు. కొళాయి దగ్గర యమున వెళ్తే మిగతా వాళ్లు జరిగేవారు. ఝాన్సీ పరీక్షలు రద్దయ్యాయి, పాసయిందన్నారు. వానలు పడే వేళకి ఆటో మళ్లీ రోడ్డెక్కింది. కానీ స్టేషన్‌కి దిగేవాళ్లు తక్కువ. ఆ ఏడాదంతా ఇల్లు అలా ఒంటి కాలి మీదే నడిచింది. కూర్మయ్య ధాన్యం పంపించాడు, తను మాత్రం రాలేదు. పైడిరాజు ఇప్పటికీ ఆ ఊరు వెళ్లడం లేదు.

మరుసటి ఏడాది వేసవిలో జబ్బు మళ్లీ విరుచుకుపడినప్పుడు ఈసారి నిజంగానే ఆ ఇంటికి వచ్చింది. పైడిరాజుకి సాయంత్రం జ్వరం మొదలైంది. అతను చెప్పకుండా దుప్పటి కప్పుకుని పడుకుంటే యమున వచ్చి నుదురు పట్టుకుని చూసింది. ఊళ్లో రోజుకొకరు పోతున్న రోజులవి. ఒళ్లంతా చల్లబడిపోయింది ఆమెకి. అయినా అప్పటికప్పుడే ఫోను తీసి నీలవేణి నెంబరు నొక్కింది. ఒకసారి తప్పు నెంబరు వెళ్లింది. మళ్లీ నొక్కింది.

"నీలవేణమ్మా, మాయింట్ల జొరం ఉన్నాది" అంది. పేరు, వయసు, ఎప్పుడు మొదలైందో అన్నీ చెప్పింది.

పైడిరాజు పదహారు రోజులు మంచాన ఉండి లేచాడు. ఇప్పుడు ఆ వీధిలో ఎవరింట్లో ఎవరికి ఒళ్లు బాగోకపోయినా ముందు యమునకే చెప్తారు. ఆమె వెళ్లి వాళ్లతో పాటు ఆసుపత్రిలో కూర్చుంటుంది. ధైర్యం గల మనిషని వాళ్లంటారు. యమున ఒప్పుకోదు. "నాకున్నంత బయ్యం ఈ ఈదిల ఎవులికీ నేదు" అంటుంది, సంచిలో నీళ్ల సీసా పెట్టుకుంటూ.